దిద్ది పంపిన ఉత్తరం

గాజువాక,
జూన్ 16, ఆదివారం.

రోజలిన్‌కు,

దేవుడు నిన్ను క్షేమంగా ఉంచాడన్న నమ్మకంతో మామ్మ రాస్తున్నది.

నువ్వు హాస్టలుకు వెళ్ళి పదిహేను రోజులైంది. ఆదివారం మీకు ఇచ్చే ఐదు నిమిషాల ఫోను నాకు సరిపడదు. అందులో రెండు నిమిషాలు మీ అమ్మ ఏడుపు, ఒక నిమిషం మీ చిన్నాన్న బెన్సన్ హాస్యం, తక్కినదంతా పిల్లల తోపులాట. స్పీకరు పెట్టి పదిమంది చుట్టూ మూగి అరిచే దానిని సంభాషణ అనలేను. నీకూ నాకూ మధ్య ఉత్తరాలే ఉండనీ.

నా పద్ధతి నీకు తెలుసు. కాగితానికి ఎడమవైపు రెండంగుళాల అంచు వదిలి రాయి. తప్పులను ఎర్ర సిరాతో దిద్ది, నా జవాబుతో పాటు నీ ఉత్తరాన్ని నీకే తిప్పి పంపుతాను. ముప్పై నాలుగేళ్ళు డిగ్రీ కళాశాలలో తెలుగు బోధించినదానిని. మీ నాన్న, మీ చిన్నాన్న కూడా చిన్నప్పుడు ఇలాగే దిద్దించుకున్నారు. వారికి ఏమీ అంటలేదన్నది వేరే సంగతి.

వార్డెన్ ఉత్తరాలు విప్పి చూస్తుందని మీ అమ్మ గొణిగింది. చూడనీ. దాచవలసినది లేనివారికి వచ్చే నష్టమేమీ లేదు. మీ ప్రిన్సిపాలు మూడేళ్ళు నా తరగతిలో మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల. నిన్ను చేర్పించిన రోజున లేచి నిలబడి, 'మేడమ్, మీ మనవరాలంటే మా ఇంటి అమ్మాయే' అన్నది. నీకు అక్కడ సీటు వచ్చింది నీ మార్కుల వల్ల. నా పేరు వల్ల కాదు. అయినా నా పేరు అక్కడ ఉన్నదని మరచిపోకు.

ఇంటి సంగతులు. బడులు తెరిచారు. పూర్ణా మార్కెట్టుకు నేనొక్కదాన్నే బస్సులో వెళ్ళి నోటుపుస్తకాలు డజన్ల లెక్కన తెచ్చాను. మీ నాన్న ఆటో మాట్లాడతానన్నాడు గాని నేను ఒప్పుకోలేదు. మున్సిపాలిటీ నీళ్ళు ఐదింటికి వస్తాయి. అప్పటి నుంచి స్నానాల గది ముందు వరుస. నిన్న మీ చిన్నాన్న పోర్టులో మొదటి షిఫ్టుకు పోవలసి ఉండి, తువ్వాలు భుజాన వేసుకుని తలుపు బాదుతున్నాడు. లోపల ఉన్నది అతని కొడుకు సుమంతే.

'ఒరే, నువ్వు పదో క్లాసు పాసైనాకే బయటికొత్తావేటి?'

'సబ్బు కళ్ళల్లో ఎల్లిపోనాది నాన్నా.'

'కళ్ళు మూసుకునే వచ్చీరా. నిన్ను సూడ్డానికి ఇక్కడెవలూ కాసుకుని లేరు.'

ఈ ఇంట్లో 'నాను' అనకుండా 'నేను' అని స్పష్టంగా పలికేది నేనూ, నువ్వూ. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. సాయంత్రం చదువు యథాప్రకారం వరండాలో జరుగుతున్నది. ఐదుగురికీ హాజరు వేస్తున్నాను.

మామ్మ,
పుష్పకుమారి.


బాలికల హాస్టలు, రుషికొండ,
జూన్ 30.

గౌరవనీయులైన మామ్మకు,

రోజలిన్ నమస్కరించి రాస్తున్నది. నేను ఇక్కడ బాగున్నాను. అందరూ శ్రద్దగా చదువుతున్నాము. ప్రతి శనివారం పరీక్ష పెడతారు. మార్కులను బట్టి సోమవారం సెక్షన్లు మారుతాయి. మార్కులు తక్కువ వచ్చినవారు మద్యాహ్నం మేడమీద నిలబడి చదువుతారు.

నా పక్క మంచం దుర్గది. వాళ్ళది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. నాన్నగారి పేరు సన్యాసిరాజు, వ్యవసాయం చేస్తారు. దుర్గ నిద్రలో కూడా ఫార్ములాలు అప్పజెబుతుంది, తప్పు చెబుతుంది. పగలు అడిగితే సరిగ్గానే చెబుతుంది. నవ్వు వస్తుంది. వాళ్ళ ఇంట్లో తొమ్మిది మంది. మా ఇంట్లో పదకొండు మంది అన్నాను. 'అయితే నువ్వే గెలిచినావు, మొదటి ర్యాంకు నీదే' అన్నది.

సాయంత్రం వరండాలో నా చోట ఎవరు కూర్చుంటున్నారు? అమ్మను జాగ్రత్తగా చూసుకోండి.

మీ మనవరాలు,
రోజలిన్.


గాజువాక,
జూలై 14.

రోజలిన్‌కు,

నీ ఉత్తరం దిద్ది జతచేస్తున్నాను. రెండే తప్పులు, రెండూ ఒకే జాతివి. 'శ్రద్ధ'కు ధ వత్తు. 'మధ్యాహ్నం'లోనూ ధకారమే. 'మద్యం' అంటే సారా అని పదో తరగతిలోనే చెప్పాను. ఒక్కొక్కటి ఇరవై మార్లు రాసి చూసుకో.

మేడమీద నిలబడి చదివే పద్ధతి మంచిదే. నిలబడి చదివినవారికి నిద్ర రాదు. నేను ఎం.ఏ. పరీక్షలకు అలాగే చదివాను. అప్పటికి మీ నాన్న నా కడుపులో ఉన్నాడు.

ఈ రోజు రెండవ ఆదివారం. మీ అమ్మా నాన్నా నిన్ను చూసి సాయంత్రానికి వచ్చారు. మీ అమ్మ చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

'గుంట సగమైపోయింది అత్తయ్యా. ఎలాగున్నావే అంటే బాగున్నానంటాది. ఆ బాగున్నాను ఎలాగుందో మీరు సూడాలి. ఎదురుగా ఆ వార్డెను కుర్సీ ఏసుకుని కూకున్నాది.'

'మాటను చూడరు ఫ్లోరా, వింటారు' అన్నాను.

 రాత్రి మీ అమ్మ బదులు వంటింట్లో గిన్నెలు మాట్లాడాయి. ఆమె నర్సు. ఎవరిని చూసినా ముందు బరువు చూస్తుంది. నిన్ను తీసుకువచ్చి ఇక్కడి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో వేయాలన్నది ఆమె పట్టు. మీ నాన్న శుభాకర్ ఎప్పటిలాగే ఇద్దరి వైపూ చూసి, స్టీలు ప్లాంటుకు షిఫ్టు టైమైందని వెళ్ళిపోయాడు. కాంట్రాక్టు పనిలో అతడు ఇరవై ఏళ్ళుగా పడుతున్న అవస్థ నువ్వు పడకూడదనే నిన్ను అక్కడ చేర్పించాను. ఆ నిర్ణయం నాది. దానిని మార్చే ఉద్దేశం నాకు లేదు.

నీ చోట సుమంత్ కూర్చుంటున్నాడు. గోడకు ఆనుకుంటాడు. నువ్వు ఎన్నడూ ఆనుకునేదానివి కాదు.

మామ్మ.


బాలికల హాస్టలు, రుషికొండ,
ఆగస్టు 4.

గౌరవనీయులైన మామ్మకు,

నేను క్షేమంగా ఉన్నాను. మీరంతా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మా కళాశాలలో బోధన ఎంతో చక్కగా ఉన్నది. అధ్యాపకులు మమ్మల్ని కన్నబిడ్డల వలె చూసుకుంటున్నారు. భోజన వసతులు సంతృప్తికరంగా ఉన్నాయి. నా గురించి ఎటువంటి దిగులూ పెట్టుకోవద్దని మనవి.

ఇట్లు,
కె. రోజలిన్, ప్రథమ సంవత్సరం.


రుషికొండ,
ఆగస్టు 21. స్నానాల గదిలో కూకుని.

మామ్మా,

ఇది వార్డెనుకి తెలీకుండా రాత్తన్నాను. మెస్సులో వంట సేసే ఆదిలక్ష్మమ్మ బయట పోస్టు డబ్బాలో ఏత్తానన్నాది. ఆగస్టు నాలుగు తేదీతో వచ్చిన ఉత్తరం నాది కాదు. బోర్డు మీద రాసి మా అందరి సేతా ఎక్కించినారు.

మీరు నేర్పిన భాషలో రాద్దామని రెండు సార్లు మొదలెట్టినాను. అలాగ రాత్తే ఇది జరిగినట్టు లేదు. అందుకే మాటాడినట్టే రాత్తన్నాను, తిట్టొద్దు.

శనివారం పరీక్షలో మార్కులు తక్కువొత్తే సోమవారం నుంచి మధ్యాన్నం అన్నం టయిములో మేడమీద ఎండలో నిలబెడతారు. ఒక్కో తప్పూ వందసార్లు రాయాలి. కూకోకూడదు. తరవాత తినమంటారు గానీ, కిందకొచ్చేసరికి మెస్సు మూసీసి ఉంటాది. నానూ నాలుగు సార్లు నిలబడ్డాను. మీకు రాసినాను కదా. మీరు ధ వత్తు పెట్టి పంపినారు.

దుర్గకి వరసగా మూడు వారాలు తక్కువొచ్చినాయి. పోయిన సోమవారం దానికి జొరం. వార్డెను సెయ్యి పట్టుకునైనా సూడలేదు, 'నాటకాలు' అన్నాది. బుధవారం మేడ దిగతా మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోనాది. నాను దాని ఎనకాలే ఉన్నాను. పట్టుకుందామనుకున్నాను, జడ కొస మాత్రం సేతికి తగిలింది. కింద దాకా ఎల్లిపోనాది. కుడి సెయ్యి ఎనక్కి మడిసినట్టయిపోనాది.

ఆ రోజు ఎవలో తనికీకి వచ్చినారు. ఆళ్ళు ఎల్లేదాకా దాన్ని గదిలో పడుకోబెట్టి తలుపేసీసినారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి సాయంత్రం ఆరు. అంతసేపూ నానే పక్కన ఉన్నాను. ఏడవలేదు మామ్మా అది. 'రోజీ, మా నాన్నకి సెప్పకే, సదువు మానిపించేత్తాడు' అంటాది, మళ్ళీ అదే అంటాది.

మర్నాడు వాళ్ళ నాన్న వచ్చినాడు. ఎవలిదో సెల్‌ఫోను దొంగతనంగా సూత్తా, వార్డెను వత్తందని పరిగెత్తి పడిపోయిందని సెప్పినారు. ఆయన నమ్మీసినాడు. సెయ్యి కట్టుతో పడుకున్న పిల్ల మీదకి వంగి, 'నీకు సదువెందుకే, గేదెలు కాసుకో' అన్నాడు. దుర్గ నా వైపు సూసింది. వార్డెను నా పక్కనే నిలబడి ఉన్నాది. నాను నోరు తెరవలేదు.

నాన్నకి సెప్పండి. నన్ను తీసుకెళ్ళిపోండి. సదువు మాననని ఒట్టేత్తన్నాను, గాజువాకలో గవర్నమెంటు కాలేజీలో సదువుతాను. అన్నిటికన్నా ముందు నన్ను నమ్మండి. మీరు నమ్మితే ఇంట్లో అందరూ నమ్ముతారు.

ఈ ఉత్తరం సంగతి ఇక్కడోళ్ళకి తెలియనివ్వొద్దు. తెలిత్తే ఆదిలక్ష్మమ్మ పని పోతాది.

రోజీ.


గాజువాక,
ఆగస్టు 28.

రోజలిన్‌కు,

నీ రెండు ఉత్తరాలు అందాయి. మొదటి దానిలో ఒక్క తప్పు లేదు. రెండవ దానిలో నలభై మూడు ఉన్నాయి. మూడు నెలల వ్యవధిలో నీ భాష ఇంత దిగజారగలదని నేను ఊహించలేదు. ఆ భాష వీధిలో చెల్లుతుంది. కాగితం మీద చెల్లదు.

నువ్వు చేసిన ఆరోపణ చిన్నది కాదు. ఒక సంస్థ మీద, ఒక స్త్రీ మీద అంత మాట అనేవారు నిలకడగా, తేదీలు వేసి, చూసినదేదో విన్నదేదో విడదీసి రాయాలి. స్నేహితురాలు పడిపోతే నీ మనసు కలత చెందడం సహజం. ఇంటి మీద బెంగతో ఉన్న పిల్లకు ప్రతిదీ పెద్దదిగా కనబడటమూ సహజమే. మీ ప్రిన్సిపాలును ఆమె పద్దెనిమిదేళ్ళ వయసు నుంచి నేను ఎరుగుదును. ఆమె కనుసన్నలలో ఇటువంటివి జరుగుతాయని నేను ఒక్క ఉత్తరం చూసి నమ్మలేను.

దిద్దిన ప్రతి ఎప్పటిలాగే జతచేశాను. అదే విషయాన్ని చక్కని భాషలో తిరిగి రాసి పంపు. అప్పుడు మీ నాన్నకు చూపే సంగతి ఆలోచిస్తాను. ఇప్పటికి ఎవరికీ చూపలేదు. మీ అమ్మకు చూపితే ఈ రాత్రికే ఆటో ఎక్కుతుంది.

సుమంత్‌కు లెక్కలలో తొంభై వచ్చాయి. ఇంట్లో అందరూ బాగున్నారు.

మామ్మ.


గాజువాక, కింది వరండా,
సెప్టెంబరు 14.

రోజలిన్‌కు,

నువ్వు మేడమీది గదిలో ఉన్నావు. నేను కింద ఉన్నాను. మధ్యన పద్దెనిమిది మెట్లు. నిన్ను తీసుకువచ్చి నాలుగు రోజులైంది. ఇంట్లో అందరితో మాట్లాడుతున్నావు, నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని అడగను. దీనిని నీ అన్నం పళ్ళెం కింద పెడుతున్నాను. చదవడం, చదవకపోవడం నీ ఇష్టం.

నీకు తెలియనివి కొన్ని ఉన్నాయి. అవి నా నోటితో చెప్పవలసినవి. ధైర్యం చాలక రాస్తున్నాను.

మొన్న ఆదివారం మీ నాన్న ఒక్కడే నిన్ను చూడడానికి వచ్చాడు కదా. మీ అమ్మకు ఆసుపత్రిలో డ్యూటీ. సాయంత్రం అతడు ఇంటికి వచ్చి, కాలేజీ ఆఫీసులో తన చేతికిచ్చిన కాగితాన్ని అన్నం తినే బల్ల మీద పరిచాడు. నా ఎర్ర సిరా దూరం నుంచే కనబడింది.

'ఇదేటమ్మా?'

 మీ అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి కాగితం అందుకున్నది. నేను దిద్దినవాటిని కాక, వాటి కింద నువ్వు రాసినవాటిని చదివింది. చివరి వరకూ చదివి, 'ఇది మీకు ఎప్పుడొచ్చింది అత్తయ్యా?' అని అడిగింది.

'ఆగస్టు ఇరవై నాలుగున.'

'పదిహేను రోజులు' అన్నది. కాగితాన్ని మడిచి మీ నాన్న ముందు పెట్టింది. 

మీ నాన్నే అన్నాడు. 'ఆ ఆఫీసులో సేతులు కట్టుకుని నిలబడి సారీ సెప్పినానమ్మా. రోజీ సేత కాగితం రాయించినారు, ఉత్తరంలో ఉన్నదంతా అదే కల్పించి రాసిందని. అది పెన్ను కోసం ఎతుకుతుంటే నా జేబులోంచి తీసి నానే ఇచ్చినాను. మా అమ్మే నమ్మనప్పుడు నానెలాగ నమ్ముతాను?'

బెన్సన్ వచ్చి అతని భుజం పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. పిల్లలు ఐదుగురూ ఆ సాయంత్రం వరండాలోకి రాలేదు. నేను పిలవలేదు.

మంగళవారం నేనూ మీ అమ్మా వచ్చినప్పుడు, నువ్వు పెట్టె సర్దుకోవడానికి పైకి వెళ్ళావు. మీ అమ్మ నీ వెంట వచ్చింది. నేను ప్రిన్సిపాలు గదిలో ఒంటరిగా ఉన్నాను. ఈసారి ఆమె లేచి నిలబడలేదు. నువ్వు సంతకం పెట్టిన ఆ కాగితం తిరిగి ఇమ్మన్నాను. అది అబద్ధమని అన్నాను. ఆమె సౌమ్యంగానే మాట్లాడింది.

'మేడమ్, ఆ ఉత్తరం మాకు పంపింది మీరే కదా. నిజమని మీరు అనుకుని ఉంటే దిద్ది పంపుతారా?'

 ఎంతమందికో వాదించడం నేర్పినదానిని, ఆ కుర్చీలో మళ్ళీ ఆ కాగితమే ఇమ్మని అడిగాను.

'టీసీ కావాలా, ఆ కాగితం కావాలా? రెండూ ఇవ్వడం కుదరదు మేడమ్' అన్నది.

నేను టీసీ తీసుకున్నాను. నీ సంవత్సరం పోకూడదనుకున్నాను. కాగితాన్ని అక్కడే వదిలి వచ్చాను. ఈ సంగతి నీకు గాని మీ అమ్మకు గాని చెప్పలేదు.

ఇంకొకటి. నేను మరచిపోయి ఆ ఉత్తరాన్ని కవరులో పెట్టానని మీ అమ్మ నా తరఫున సర్దిచెబుతున్నది. పెద్దతనం అంటున్నది. అది నిజం కాదు. తెలియనివ్వొద్దని నువ్వు రాసిన వాక్యాన్ని చదివాను. అందులో 'పోతాది' అన్నదానిని 'పోతుంది' అని దిద్దాను. దిద్ది, మడిచి, హాస్టలు చిరునామా రాసి, నేనే నడిచి వెళ్ళి పోస్టు చేశాను.

పుష్పకుమారి.


మేడమీద గది,
సెప్టెంబరు 15.

మామ్మా,

సదివినాను.

టీసీ తీసుకున్నందుకు నాకు కోపం లేదు. నానైనా అదే తీసుకుందును. నాన్న మీద కూడా లేదు. పెన్ను ఇచ్చినప్పుడు నాన్న నా మొకం సూడలేదు.

మీరు కవరు అంటించేముందు ఏటాలోచించినారో అని నాలుగు రోజుల నుంచీ అడగాలనుంది. ఏటీ ఆలోచించలేదని ఇప్పుడు తెలిసింది. అదే ఎక్కువ కట్టంగా ఉన్నాది.

మీ కవరు వార్డెను ప్రేయరులో అందరి ముందూ విప్పింది. మీరు దిద్దినవి గట్టిగా సదివింది. 'జొరం కాదమ్మా, జ్వరం అనాలి' అని. అందరూ నవ్వినారు. నవ్వకపోతే ఊరుకోరు, ఆళ్ళని నానేటి అనను. తరవాత నన్ను స్టోరు పక్క గదికి మార్చినారు, ఒక్కదాన్నీ. పది రోజులు.

పెట్టె మోసిన ఆయమ్మ మెట్ల మీద సెప్పింది, ఆదిలక్ష్మమ్మని మానిపించేసినారంట. ఆవిడ రాయనూ లేదు, దిద్దనూ లేదు. కవరు పట్టుకెళ్ళి డబ్బాలో ఏసింది, అంతే.

నిన్న అమ్మ ఫోనుకి దుర్గ సేసింది. పక్కింటోళ్ళ ఫోను. నాను సంతకం పెట్టిన కాగితం వాళ్ళ నాన్నకి సూపించినారంట. పక్కనున్న పిల్లే అబద్ధమని ఒప్పుకుంది అన్నారంట. దాని పుస్తకాలు ఆయన ఊళ్ళో ఎవలికో ఇచ్చీసినాడు. సెయ్యి కట్టు ఇప్పినాక గాజువాక రా, ఇద్దరం ఒకే కాలేజీలో సదువుదాం అందామనుకున్నాను. అది ముందే అడిగీసింది. 'నువ్వు కూడానా రోజీ' అని. ఫోను పెట్టీసింది.

ఇప్పుడు దాని సదువు ఆపుతున్నది వార్డెను కాదు మామ్మా. నా సంతకం.

రోజీ.


గాజువాక, కింది వరండా,
సెప్టెంబరు 19.

రోజలిన్‌కు,

నిన్న రుషికొండ వెళ్ళాను. రెండు బస్సులు మారి, ఆదిలక్ష్మమ్మ ఇల్లు అడుగుతూ పోతే మత్స్యకారుల వీధిలో చూపించారు. గడపలోనే నిలబడి నా పేరు చెప్పాను, నా వల్ల జరిగినది చెప్పాను, క్షమించమని అడిగాను. ఈ జీవితంలో ఆ మాట నేను ఎంతమందిని అడిగానో లెక్కపెట్టుకుంటే ఒక చేతి వేళ్ళలోనే ఇంకా కొన్ని మిగులుతాయి.

ఆమె చేపలు శుభ్రం చేస్తున్నది. తల ఎత్తలేదు.

'మీరు ఆ గుంట మామ్మ గారా? అది మీ గురించి తెగ సెప్పేది. మా మామ్మకి తెలిత్తే సాలు, ఎంటనే వచ్చీత్తాది అనేది' అన్నది.

నేను గడప దాటలేదు.

'ఎండగా ఉన్నాది, కూకోండి. పని నాకు దొరుకుతాది లెండి. ఇంకో మెస్సుకి ఎల్తాను. అది తింతన్నాదా ఇప్పుడు? అక్కడ ముద్ద దిగేది కాదు దానికి. నాను రెండు ఇడ్లీలు కొంగులో పెట్టి దాసేదాన్ని.'

మీ అమ్మ పనిచేసే ఆసుపత్రి క్యాంటీనులో వంటమనిషి కావాలట. అడిగి చూస్తానని మీ అమ్మ అన్నది. ఆదిలక్ష్మమ్మకు ఇష్టమైతేనే.

ఇక దుర్గ విషయం. వాళ్ళ నాన్న సన్యాసిరాజు గారికి నా పేరు మీద ఒక ఉత్తరం రాశాను. నాలుగు పుటలు వచ్చింది. నా మనవరాలు రాసినది సత్యమనీ, దానిని అనుమానించి హాస్టలుకు పంపినది నేననీ, ఆ సంతకం భయపెట్టి తీసుకున్నదనీ, తేదీల వారీగా వివరించాను. ఆయన కుమార్తె ఏ తప్పూ చేయలేదనీ, ఆమె చదువును ఆపడం అన్యాయమనీ రాశాను. నా చదువు, నేను చేసిన ఉద్యోగం పైన రాశాను, ఎవరు రాస్తున్నారో తెలియడానికి. నా జీవితంలో ఇంత జాగ్రత్తగా మరొక ఉత్తరం రాయలేదు.

రిజిస్టరు పోస్టులో పంపాలని నా ఉద్దేశం. నిన్ను అడగకుండా పంపను. పంపమంటావా?

మామ్మ.


మేడమీద గది,
సెప్టెంబరు 20, శుక్రవారం.

మామ్మా,

పంపొద్దు.

దుర్గ వాళ్ళ నాన్న రెండో క్లాసు వరకే సదివినాడు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాడంట. మీ నాలుగు పుటలూ ఆయన ఏ కిరాణా కొట్టు కాడో ఎవలి సేతో సదివించుకుంటాడు. ఆ సదివినోడు ఆగి ఆగి సదువుతాడు, సుట్టూ పదిమంది ఉంటారు. దుర్గ ఎలాగ పడిందో, ఆళ్ళ నాన్న దాన్నేటన్నాడో ఊరంతా ఎల్తాది. ఆయన పరువు పోయిందనుకుంటే ఇంక దాన్ని గడప దాటనివ్వడు.

నాను సంతకం పెట్టిన కాగితమూ ఆయనకి అలాగే ఎవలో సదివి సెప్పుంటారు. ఆయన నమ్మింది కాగితాన్ని కాదు. దాని పక్కనుండి సదివిన మనిషిని. అందుకని మనిషే ఎల్లాలి.

రేపు శనివారం. ఆరింటికి బస్సు ఉన్నాది, విజయనగరంలో దిగి మారాలి. అమ్మ సెలవు పెట్టింది. నాన్న షిఫ్టు మార్సుకుని వత్తానన్నాడు. ఆయన రావాలి, పెన్ను ఇచ్చింది ఆయన కదా, ఆ మాట ఆయనే సెప్తానన్నాడు. మీకు రావాలనుంటే రండి. రమ్మని నాను అడగటం లేదు, రావొద్దనీ అనటం లేదు.

వత్తే ఒక మాట. అక్కడ మీరెవలో ఎవలికీ తెల్దు. మేడమ్ గారూ అని కుర్సీ ఏసేవాళ్ళుండరు. ముందు నాను సెప్తాను, నాకొచ్చినట్టు. మెట్ల మీద సూసింది, గదిలో తలుపేసినది, నాను నోరు తెరవనిది, సంతకం పెట్టినది, అన్నీ. నాకు ఏడుపొచ్చి ఆగిపోతే ఆగిపోనివ్వండి, మీరు అందుకోవద్దు. ఆయన మిమ్మల్ని అడిగితే అప్పుడు సెప్పండి, మీరు సేసింది ఒక్కటే. సిన్న మాటల్లో.

ఆయన తిట్టొచ్చు. బయటికి పొమ్మనొచ్చు. పొమ్మంటే ఎల్లిపోవద్దు. తలుపేసీసినా వాకిట్లో నిలబడదాం. దుర్గ లోపల్నుంచి సూత్తాది, మనం వచ్చినామని దానికి తెలుత్తాది.

రోజీ.